"నిద్రొస్తోందా?" అని వాడే అడిగితే

మావాడికి నాలుగేళ్లప్పుడు, ఓ ఎండాకాలమంతా, రాత్రి 2 కొట్టేసరికి మా పడగ్గదిలో మెట్రో రైలు నడిచేది. మంచి నిద్రలో ఉన్నవాడు ఉన్నట్టుండి లేచి కూర్చునేవాడు. గోడకేసి చూస్తూ, రైల్లో వినిపించే ఆ గొంతునే అచ్చు దింపినట్టు "తదుపరి స్టేషన్ అమీర్‌పేట" అనేవాడు. ఒకసారి కాదు, నలభై యాభై సార్లు. మధ్యమధ్యలో మంచం మీద గెంతడం, తలగడ విసిరికొట్టడం, చివరికి ఏడుపు. ఏ 4:30కో మళ్లీ కునుకు పట్టేది. 8కి బడి ఆటో వచ్చేది. అప్పటికి వాడు సొంతంగా అనే మాటలు పదికి మించవు. ఈ ఒక్క వాక్యం మాత్రం అక్షరం పొల్లుపోకుండా అనేవాడు.

మెట్రో పిచ్చి పట్టిందన్నారు చుట్టాలు. రైలు వీడియోలు చూపించడం మానేయమన్నారు. మానేశాం. ఏమీ మారలేదు.

ఆ రోజుల్లో మేం నిద్ర సంగతి పిల్లల డాక్టరుతో, మాట సంగతి స్పీచ్ థెరపిస్టుతో మాట్లాడేవాళ్లం. థెరపీ గదిలో రాత్రి ఎలా గడిచిందని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. నిద్ర, మాట రెండు వేర్వేరు సమస్యలు కావని, ఒకదాని ముడి విప్పితే రెండోది వదులవుతుందని తెలుసుకోవడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదనే ఈ అధ్యాయం రాస్తున్నాను.

రాత్రి పోయింది పగలు దొరకదు

ఆటిజం ఉన్న పిల్లల్లో సగం మంది నుంచి 80 శాతం మంది దాకా ఏదో ఒక నిద్ర ఇబ్బంది పడతారని వేర్వేరు దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. మిగతా పిల్లల్లో ఇది ఇంతకంటే తక్కువ. కొందరికి పక్క మీద చేరాక గంటన్నర దాకా నిద్ర పట్టదు. కొందరు నడిరాత్రి లేచి రెండు మూడు గంటలు మేలుకుంటారు. కొందరు కోడి కూయకముందే లేచి, ఇక పడుకోరు. మన దేశంలో ఐదు ప్రాంతాల్లో 2 నుంచి 9 ఏళ్ల పిల్లలను పరీక్షించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సుమారు నూటికి ఒకరిలో ఆటిజం కనిపించింది. ఆ ఐదు ప్రాంతాల్లో హైదరాబాద్ ఒకటి. కాబట్టి రాత్రి 2కి లైటు వెలిగే ఇల్లు ఊరంతటికీ మీదొక్కటే అనుకోకండి. మీ పెంపకంలో లోపమని ఎవరన్నా అంటే, ఆ మాట మనసుకు పట్టించుకోకండి.

ఎందుకిలా అంటే ఒక్క కారణం చెప్పలేం. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును వదులుతుంది. ఇక రాత్రయిందని ఒంటికి చెప్పేది అదే. ఆటిజం ఉన్న పిల్లలు కొందరిలో అది తక్కువగా ఉన్నట్టు పరిశోధనల్లో కనిపించింది. దానికి తోడు వాళ్లలో చాలామందికి చెవి, చర్మం, కన్ను మనకంటే పదును. మనం ఎప్పుడో వినడం మానేసిన ఫ్యాను కిర్రు, పక్కింటి నీళ్ల మోటారు, బనీను మెడ వెనక లేబులు, దుప్పటి అంచు కుట్టు వాళ్లను నిద్రపోనివ్వవు. పైగా ఆట నుంచి అన్నానికి, ఇంటి నుంచి బడికి మారడమే ఈ పిల్లలకు కష్టం. మెలకువలోంచి నిద్రలోకి జారడం వీటన్నిటికంటే పెద్ద మార్పు కదా.

ఇక మాట. పగలు విన్న కొత్త మాటలను మెదడు సర్దుకునేది నిద్రలోనే. పసిపిల్లలకు కొత్త మాటలు వినిపించి, ఆ వెంటనే కునుకు తీసినవాళ్లను, తీయనివాళ్లను పోల్చి చూస్తే, కునుకు తీసిన పిల్లలకే ఆ మాటలు బాగా గుర్తున్నాయి. మూడు గంటల నిద్ర పోగొట్టుకున్న పిల్లవాణ్ని ఉదయం 10కి తీసుకెళ్లి థెరపీ బల్ల ముందు కూర్చోబెడితే ఏమవుతుంది? పెన్సిలు విసురుతాడు, బల్ల కిందికి దూరతాడు, పిలిస్తే చూడడు. ఈరోజు సహకరించలేదని నోట్సులో రాస్తారు. నెలనెలా వేలు పోసి కొనుక్కునే ఆ గంట అలా పోతుంది. నిద్ర సరిపోతే ఆటిజం పోతుందని నేను అనడం లేదు. అది పోయే జబ్బు కాదు, పోగొడతామనేవాళ్లను నమ్మకండి. రాత్రి కుదురుగా పడుకున్న పిల్లవాడికి పగలు మాట మీద పెట్టడానికి శక్తి మిగులుతుంది. నేననేది అంతే.

దీనికి తిరగేసిన దారి ఇంకొకటి ఉంది. దాన్ని పెద్దగా ఎవరూ చెప్పరు. నిద్ర లేక మాట వెనకబడినట్టే, మాట లేక నిద్ర చెడుతుంది. చెవిపోటు వచ్చిన మామూలు పిల్లవాడు "అమ్మా, చెవి నొప్పి" అంటాడు, మనం లేచి చూస్తాం, పది నిమిషాల్లో సద్దుమణుగుతుంది. అదే నొప్పి మాట రాని పిల్లవాడికి వస్తే తల గోడకేసి కొట్టుకుంటాడు. మొండితనమని మనం అనుకుంటాం. ఉక్కపోస్తున్నా, కడుపు ఉబ్బరించినా, ఉచ్చ వస్తున్నా, భయమేసినా వాడి దగ్గర ఉన్న మాట ఒక్కటే, ఏడుపు. రాత్రి లేచిన పిల్లవాణ్ని "ఎలా పడుకోబెట్టాలి?" అనుకునే ముందు "ఏం చెబుతున్నాడు?" అనుకోవడం నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

ముందు ఒంటిని చూపించండి

అలవాట్ల జోలికి వెళ్లేముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేముందు, నిద్రపోతున్న పిల్లవాణ్ని ఫోనులో రెండు నిమిషాలు వీడియో తీసుకోండి. నోరు తెరిచి నిద్రపోతున్నాడా, గురక పెడుతున్నాడా, ఊపిరి ఆగి ఆగి తీస్తున్నాడా, కాళ్లు తన్నుకుంటున్నాడా? మీరు అరగంట వర్ణించేదానికంటే ఆ రెండు నిమిషాలు డాక్టరుకు ఎక్కువ చెబుతాయి.

గురక దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నిద్ర, మాట నేరుగా కలిసే చోటు అదే. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ వాచి పెరిగితే రాత్రి ఊపిరికి అడ్డం పడతాయి. నిద్ర ముక్కలవుతుంది. అవే అడినాయిడ్స్ ముక్కు నుంచి చెవికి వెళ్లే సన్నటి గొట్టాన్ని కూడా మూసేస్తాయి. అప్పుడు మధ్య చెవిలో నీరు చేరుతుంది. నొప్పి ఉండకపోవచ్చు, చీము కారకపోవచ్చు. కానీ నీళ్లలో మునిగి విన్నట్టు మాట మసకగా వినిపిస్తుంది. "పిలిస్తే పలకడు" అన్న లక్షణాన్ని మనం ఆటిజం ఖాతాలో రాసేసుకుంటాం. చెవిలో నీరు చేరిన సంగతి ఎవరికీ తట్టదు. అందుకే ఆటిజం అని తేలిన ప్రతి పిల్లవాడికీ ఒకసారి వినికిడి పరీక్ష జరగాలి. కుదురుగా కూర్చోని పిల్లలకు నిద్రలోనే చేసే బెరా అనే పరీక్ష ఉంది. జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ సత్వర చికిత్సా కేంద్రాల్లో, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థల్లో దీనికి దారి దొరుకుతుంది.

తెల్లన్నం, పెరుగు, బిస్కెట్టు తప్ప ముట్టని పిల్లలు మనలో చాలామంది. వాళ్లకు ఇనుము తక్కువై రాత్రిళ్లు కాళ్లలో ఏదో పాకినట్టుండి, పడుకోలేక దొర్లుతుంటారు. ఫెరిటిన్ అనే రక్తపరీక్షతో తెలుస్తుంది. పరీక్ష లేకుండా ఐరన్ టానిక్ పట్టకండి, ఎక్కువైతే అదీ హానే. మలబద్ధకం, పుల్లటి తేన్పులు, పుచ్చిన పన్ను కూడా చూపించండి. నులిపురుగులను మరిచిపోకండి. అవి గుడ్లు పెట్టేందుకు రాత్రిపూటే మలద్వారం దగ్గరికి వస్తాయి. నడిరాత్రి దురదతో లేచి ఏడ్చే పిల్లవాడికి ఏ థెరపీ పనిచేస్తుంది?

అరుదైనదే అయినా ఒక్కటి గట్టిగా చెప్పాలి. 1957లో విలియం లాండౌ, ఫ్రాంక్ క్లెఫ్నర్ అనే ఇద్దరు అమెరికాలో ఒక మూర్ఛ రకం గురించి రాశారు. మూడు నుంచి ఏడేళ్ల మధ్య, అప్పటిదాకా చక్కగా మాట్లాడుతున్న పిల్లవాడికి మనం అనేది అర్థం కాకుండా పోతుంది, తర్వాత మాటే పోతుంది. ఒళ్లు కొట్టుకునే ఫిట్స్ కనిపించకపోవచ్చు. మెదడులోని విద్యుత్తులో వచ్చే తేడా నిద్రలోనే బాగా బయటపడుతుంది. అందుకే నిద్రపోతుండగా దాన్ని నమోదు చేసే ఈఈజీ తీయాలి. ఆటిజంలో మాటలు పోవడం సాధారణంగా రెండేళ్లలోపే జరుగుతుంది. ఆ తర్వాత, బాగా వచ్చిన మాట పోతే మాత్రం వారం కూడా ఆగకుండా పిల్లల న్యూరాలజిస్టును కలవండి. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మామూలు పిల్లల కంటే ఎక్కువే. కాబట్టి నిద్రలో బిగుసుకోవడం, పక్క తడపడం, పొద్దున లేచాక మత్తుగా ఉండటం కూడా చెప్పండి.

నోటుబుక్కు

రెండు వారాలు రాయండి. ఎన్నింటికి పక్క మీదికి చేరాడు, ఎప్పుడు నిద్రపోయాడు, ఎప్పుడు లేచాడు, అప్పుడు గదిలో ఏముంది, వాడేమన్నాడు. చివరి రెండూ చాలామంది రాయరు. మా మెట్రో ముడి విప్పింది అవే.

పది రోజులు రాశాక మా ఆయన ఆ పుస్తకం తిరగేస్తూ, "రోజూ 2కే ఎందుకు లేస్తున్నాడు?" అన్నాడు. కరెంటు బిల్లుకు భయపడి ఏసీకి టైమరు పెట్టేవాళ్లం. 1:30కి ఆగిపోయేది. అరగంటలో గది ఉడికిపోయేది. మేం పెద్దవాళ్లం అటు దొర్లి మళ్లీ నిద్రపోయేవాళ్లం. మరి అమీర్‌పేట సంగతి? వాడు మొదటిసారి మెట్రో ఎక్కింది ఓ మే నెల మధ్యాహ్నం. ఆటోలో చెమటలు కక్కుకుంటూ స్టేషన్‌కి వెళ్లాం. రైలెక్కగానే చల్లగాలి తగిలింది. వాళ్ల నాన్న ఒళ్లో కూర్చోబెట్టుకుని ముఖం తుడిచాడు. సరిగ్గా అప్పుడే ఆ గొంతు వినిపించింది. వాడి లెక్కలో ఆ వాక్యానికి "నాకు ఉక్కపోస్తోంది, చల్లగా కావాలి" అని అర్థం. ఎండాకాలమంతా నా బిడ్డ రాత్రికి నలభైసార్లు నాకు విడమరిచి చెప్పాడు. నేను పిచ్చి అనుకున్నాను.

విన్నది విన్నట్టు తిరిగి అనడాన్ని స్పీచ్ థెరపీలో ఎకోలేలియా అంటారు. మనం చిలకపలుకులు అని తీసిపారేస్తాం. 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసి ఆటిజానికి వైద్యంలో చోటిచ్చిన లియో కానర్, 1946లో ఈ వింత మాటల మీద ఇంకో వ్యాసం రాశాడు. అందులో ఓ పిల్లవాడు వంటగిన్నె లాంటిది కనిపిస్తే చాలు, ఒక నర్సరీ పాటలోని ముక్క అనేవాడట. వాడికి రెండేళ్లప్పుడు తల్లి ఆ పాట పాడుతూ గిన్నె జారవిడిచింది. మనకు పొంతన లేని ఆ మాట వాడి జ్ఞాపకంలో గిన్నెతో ముడిపడిపోయింది. 1980లలో స్పీచ్ నిపుణుడు బారీ ప్రిజాంట్, ఆయన సహచరులు ఇలాంటి పలుకులను ఒక్కొక్కటే పరిశీలించి, వాటిలో అడగడం, ఒప్పుకోవడం, వద్దనడం, తమను తాము ఓదార్చుకోవడం ఉన్నాయని చూపించారు. మీవాడు రాత్రి ఏ సినిమా డైలాగో, ఏ సబ్బు ప్రకటనో అంటుంటే "ఆపు" అనకండి. అది మొదటిసారి ఎక్కడ విన్నాడో, అప్పుడు వాడికి ఎలా ఉందో గుర్తు చేసుకోండి.

ఆ రాత్రి నుంచి టైమరు తీసేసి, ఏసీ 27 డిగ్రీల్లో పెట్టి ఫ్యాను తిప్పాం. మూడో రోజుకి 2 గంటల మెట్రో ఆగిపోయింది. అన్ని ముళ్లూ ఇంత తేలిగ్గా విడిపోవు. మాకే ఆ తర్వాతివి నెలలు పట్టాయి.

సాయంత్రం నుంచే రాత్రి మొదలు

2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అమెరికా, కెనడాల్లో 2 నుంచి 10 ఏళ్ల ఆటిజం పిల్లలున్న 80 కుటుంబాలను తీసుకుని, తల్లిదండ్రులకు నిద్ర అలవాట్ల గురించి కూర్చోబెట్టి నేర్పారు. కొందరికి ఒక గంట, కొందరికి మొత్తం మీద నాలుగు గంటలు, అంతే. పిల్లలకు నిద్ర పట్టే సమయం సగటున 58 నిమిషాల నుంచి 40కి తగ్గింది. మందు లేదు, యంత్రం లేదు. వాళ్లు నేర్పినవాటిని మన ఇళ్లకు తగ్గట్టు మార్చుకోవాలి.

మన ఇళ్లలో రాత్రి ఎలా ఉంటుంది? 8 నుంచి సీరియళ్లు. 9కి నాన్న వస్తాడు. రోజంతా చూడని బిడ్డ కదా, గాల్లోకి ఎగరేసి ఆడిస్తాడు. 9:30కి అన్నాలు. ట్యూబ్‌లైటు 10:30 దాకా. అప్పుడు ఒక్కసారిగా లైటార్పి "పడుకో" అంటాం. వెలుతురు కంట్లో పడినంతసేపూ మెలటోనిన్ వెనకడుగు వేస్తుంది, చిన్నపిల్లల్లో మరీను. మేం చేసిందల్లా ఇది. 7కే వాడి అన్నం. 8 తర్వాత ట్యూబ్‌లైటు ఆర్పి ఓ మూల పసుపు బల్బు. ఫోను అసలు లేదు. మా ఆయన ఎగరేసే ఆట పొద్దున 6:30కి మారింది. పొద్దుటి ఎండ కూడా రాత్రి నిద్రకు మేలు చేస్తుంది కాబట్టి ఇద్దరూ డాబా మీదికి వెళ్లేవాళ్లు. మా అత్తయ్య సీరియల్ చూడటం మానలేదు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. డెబ్బయ్యేళ్ల మనిషి, మనవడి కోసం.

బొమ్మల వరస చాలా పనిచేసింది. ఫోనుతో ఐదు ఫొటోలు తీశాం. వాడి కంచం, వాడి స్నానం బకెట్టు, బ్రష్షు, పసుపు బల్బు, వాడి పక్క. జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి వరసగా గోడకు అంటించాం. ఒక్కో పని అయ్యాక వాడే ఆ బొమ్మ తీసి డబ్బాలో వేస్తాడు. "కాసేపాగి", "ఇంకొంచెం సేపట్లో", "రేపు" అన్న మాటలు గాల్లో కలిసిపోతాయి. బొమ్మ మాత్రం గోడ మీదే ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే తెల్లదొరల మంచాల బొమ్మలు వాడకండి. వాడి పక్క వాడికి కనిపించాలి.

9కి పడుకోబెట్టినా 11 దాకా పొర్లుతుంటే, ఆ రెండు గంటల్లో వాడు నేర్చుకునేది పక్క అంటే మెలకువగా ఉండే చోటని. కాబట్టి కొన్నాళ్లు 11కే పక్క మీదికి తీసుకెళ్లండి. వినడానికి వింతగా ఉన్నా పనిచేసే పద్ధతి ఇది. పొద్దున లేపే వేళ మాత్రం మార్చకండి, సెలవు రోజైనా సరే. పావుగంట ఇరవై నిమిషాల్లో నిద్రపోవడం రెండు మూడు రాత్రులు కుదిరాక, 10:45. మళ్లీ కుదిరాక 10:30. మాకు 9:15కి రావడానికి ఏడు వారాలు పట్టింది. మొత్తం ఎంత నిద్ర కావాలంటే, 3 నుంచి 5 ఏళ్లవాళ్లకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్లవాళ్లకు 9 నుంచి 12.

విదేశీ పుస్తకాలు పిల్లవాణ్ని వేరే గదిలో పడుకోబెట్టమంటాయి. నాకు అది అవసరమనిపించదు. మనం పక్కన పడుకునే జాతి. కానీ ఒక్క సంగతి నిజం. నిద్ర అలల్లా వస్తుంది, అల అలకీ మధ్య అందరం కాస్త మేలుకుంటాం. రాత్రి మొదట భుజం మీద ఊపుతూనో, ఫోను చూపిస్తూనో పడుకోబెడితే, 2కి మేలుకున్నప్పుడు వాడికి అదే భుజం, అదే ఫోను కావాలి. కాబట్టి తొలిసారి నిద్రపట్టేటప్పుడు రాత్రంతా ఉండేవే ఉండాలి. ఫ్యాను చప్పుడు, మెత్తటి పాత చీర, పక్కన మీరు. జోకొట్టడం ఒక్కసారిగా మానకండి. కొన్ని రోజులు జోకొట్టండి, తర్వాత ఊరికే చెయ్యి వేసి ఉంచండి, తర్వాత పక్కన కూర్చోండి చాలు. మార్చిన మొదటి నాలుగైదు రాత్రులు ఏడుపు పెరుగుతుంది. పద్ధతి తప్పని కాదు. పాతదాన్ని గట్టిగా అడిగి చూస్తున్నాడంతే.

పక్క మీద చెప్పే తెలుగు

రోజూ ఒకే వేళ, ఒకే చోట, ఒకే మాటలు. మాట నేర్చుకునే పిల్లవాడికి ఇంతకంటే మంచి తరగతి ఉండదు. కానీ మనం పక్క మీద మాట్లాడే తెలుగు ఈ పిల్లలకు ఎంత తికమకో ఒకసారి ఆలోచించండి.

"పడుకుందామా?" అంటాం. మన ఉద్దేశం ప్రశ్న కాదు. వాడు ప్రశ్నగానే తీసుకుని "వద్దు" అంటాడు, మనకు కోపం. "లేవకు" అంటాం. వద్దనడమంతా చివర "కు"లో ఉంది. దాన్ని వాడు జారవిడిస్తే మిగిలేది లేవడమే. "పడుకో" అనండి. చేయాల్సిన పని పేరు చెప్పండి. కొడుకును "పడుకో నాన్నా" అంటాం, కూతుర్ని "రా అమ్మా" అంటాం. మావాడు "నాన్నా" అనగానే వాళ్ల నాన్న కేసి చూసేవాడు. ముద్దు మాటలు మానమని కాదు. పని చెప్పేటప్పుడు మాత్రం వాడి పేరే పెట్టి పిలవండి. "నిద్రొస్తోందా?" అంటే మావాడు చాలాకాలం గుమ్మం వైపు చూసేవాడు. ఎవరో వస్తున్నారనుకున్నాడేమో.

నేను, నువ్వు తారుమారు కావడం ఆటిజంలో తరచూ కనిపిస్తుంది. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని సర్వనామాల తికమక అంటాయి. తెలుగులో "నేను" అనకుండానే వాక్యం నడిచిపోతుంది కాబట్టి మన పిల్లల్లో ఇది క్రియ చివర దాక్కుంటుంది. పాలు కావాలంటే "పాలు తాగుతావా?" అంటాడు. నిద్రొస్తే "నిద్రొస్తోందా?" అంటాడు. మనం అడిగినట్టే. తప్పు దిద్దకండి. ముందు పాలు ఇవ్వండి, చెప్పింది అందిందని వాడికి తెలియాలి. ఇస్తూ వాడి తరఫున మీరే "పాలు తాగుతాను" అనండి. ఇంకా మంచి దారి ఇద్దరు పెద్దవాళ్లు ఆడటం. "నిద్రొస్తోందా?" అని నేను అడిగితే, మా ఆయన ఆవులించి "ఆ, నాకు నిద్రొస్తోంది" అనేవాడు. అడిగేది ఒకరు, చెప్పేది ఇంకొకరు అని వాడు కళ్లతో చూడాలి.

ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని మాకు ఒకచోట చెప్పారు. ఎనిమిది నెలలు పాటించాం. ఇంగ్లీషు రాని మా అత్తయ్య ఆ ఎనిమిది నెలలు మనవడి దగ్గర నోరు విప్పలేదు. అలవాటైన జోలపాట ఆగిపోయింది. ఆ తర్వాత తెలిసింది, రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల మాట వెనకబడదని పరిశోధనలు చెబుతున్నాయని. హైదరాబాద్‌లో ఉన్నా, డాలస్‌లో ఉన్నా, మీకు నిద్రమత్తులో కూడా తడుముకోకుండా వచ్చే భాషలోనే బిడ్డను పడుకోబెట్టండి. మా అత్తయ్య మళ్లీ పాడిన రోజు వాడు నవ్వలేదు, మాట్లాడలేదు. ఆమె చేతిని తీసి తన పొట్ట మీద పెట్టుకున్నాడు.

మాట ఇంకా రాని పిల్లలకు పక్క దగ్గర నాలుగు బొమ్మల కార్డు కట్టి ఉంచండి. నీళ్లు, బాత్రూము, వేడి, నొప్పి. బొమ్మలు అలవాటైతే ఇక మాట్లాడడేమోనన్న భయం వద్దు. ఈ పద్ధతుల మీద వచ్చిన అధ్యయనాలను 2006లో గుదిగుచ్చి చూస్తే, బొమ్మల వల్ల ఉన్న మాట తగ్గినవాళ్లు ఒక్కరూ కనిపించలేదు, చాలామందికి పెరిగింది. పగలు చెన్నైలో తయారైన ఆవాజ్ లాంటి యాప్ వాడుకోవచ్చు. రాత్రి మాత్రం కాగితం బొమ్మే మంచిది, తెర వెలుగు ఉన్న నిద్రను కూడా తరిమేస్తుంది.

మందుల గురించి కొంచెం

అమెరికా న్యూరాలజీ అకాడమీ 2020లో ఇచ్చిన సూచనల్లో వరస స్పష్టంగా ఉంది. ముందు ఒంట్లోని కారణాలు, తర్వాత అలవాట్లు, అవి చాలకపోతే మెలటోనిన్. అది కొందరు పిల్లలకు నిజంగా మేలు చేస్తుంది. పడుకునే ముందు అరగంట నుంచి గంట లోపు, తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. కానీ డాక్టరు రాయకుండా దుకాణంలో కొనకండి. 2017లో కెనడాలో 31 రకాలు పరీక్షిస్తే, సీసా మీద రాసినదానికంటే 83 శాతం తక్కువ ఉన్నదీ దొరికింది, 478 శాతం ఎక్కువ ఉన్నదీ దొరికింది. మత్తు కోసం జలుబు సిరప్ పట్టడం ఇంకా ప్రమాదం. బరువు దుప్పట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో వేలకు వేలు పలుకుతున్నాయి. 2014లో బ్రిటన్‌లో 67 మంది పిల్లల మీద పరీక్షిస్తే పిల్లలకు అవి నచ్చాయి కానీ నిద్ర పెరగలేదు. మన మే నెలలో అసలు వద్దు, దుప్పటి తమంతట తాము తీసుకోలేని చిన్నపిల్లలకైతే ఎప్పుడూ కప్పకండి.

ఇంకో మాట తల్లులకు. రాత్రంతా మేలుకుని పగలంతా పనిచేసి, నేను ఒకరోజు గ్యాస్ స్టవ్ మీద పాలు పెట్టి నిలబడే నిద్రపోయాను. ఆ తర్వాత వంతులు వేసుకున్నాం. రాత్రి 2 దాకా ఏం జరిగినా నాది, 2 తర్వాత మా ఆయనది. శనివారం మా చెల్లెలు వచ్చేది. వంతు లేని వేళ వేరే గదిలో తలుపేసుకుని పడుకోండి. బిడ్డ ఏడుపు వినిపించినా లేవకండి. వాళ్ల నాన్న అక్కడే ఉన్నాడు.

మావాడికి ఇప్పుడు పదకొండేళ్లు. వారంలో ఒకటి రెండు రాత్రులు ఇప్పటికీ లేస్తాడు. పండగలకు, ప్రయాణాలకు, పరీక్షలకు అంతా మళ్లీ మొదటికి వస్తుంది. మళ్లీ గోడ మీద బొమ్మలు పెడతాం. మొన్న సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక నాలుగు రాత్రులు తెల్లవార్లూ మేలుకున్నాం. ఐదో రాత్రి 9 దాటింది. మేం ఇంకా అన్నాలు తింటున్నాం. వాడు హాల్లోకి వచ్చి ట్యూబ్‌లైటు ఆర్పేశాడు. చీకట్లో నా భుజం తట్టి, "నాకు నిద్రొస్తోందా?" అన్నాడు.

"నాకు" వచ్చింది. "ఆ" ఇంకా పోలేదు. మా ఆయన కంచం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని వెళ్లి వాడి పక్క వేశాడు.